కథలోంచి నవ్వు తీసేయకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండు ప్రతులూ చదివాను. మొదటిదే బాగుంది. అందులో మీ అమ్మ తెల్లవారుజామున నెత్తళ్ల గంపతో గోపాల్‌పూర్‌లో బరంపురం బస్సెక్కుతుంది. గంపకు కూడా టికెట్టు తీసుకోమని కండక్టరు ఒడియాలో గదమాయిస్తే, ఆవిడ తెలుగులో "అయితే ఒక్కో చేపకూ సీటు చూపించు నాయనా" అంటుంది. బస్సంతా ఘొల్లుమంటుంది. 'అట్టడుగు గొంతుకలు' అని ప్రత్యేక సంచిక ప్రకటన చూడగానే ఆ ఘట్టం ఎత్తేసి, ఆవిడ చేత కన్నీళ్లు పెట్టించావు. ఎవరడిగారమ్మా? ప్రకటనలో ఏడవమని లేదే!

అట్టడుగువాళ్లకు చోటిచ్చే పత్రికలంటే నాకు గౌరవమే. మన పక్క పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం పుస్తకాలు రాశారు. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టి వాడుక భాష కోసం పోరాడారు. అయితే ఆయన అడిగింది శిష్టుల వాడుక, అంటే చదువుకున్న పెద్దకులాలవాళ్ల మాట. మీ పేట మాట అప్పటికింకా గుమ్మం బయటే ఉంది. ఆ గుమ్మం దాటడానికి తర్వాతివాళ్లు ఎవరి అనుమతీ అడగలేదు, తామే పత్రికలు పెట్టుకున్నారు. దళితుల వైపు నుంచి 'నలుపు' వచ్చింది. 1993లో హైదరాబాదు నుంచి స్త్రీల పత్రికగా 'భూమిక' మొదలైంది.

ప్రత్యేక సంచికల సంగతి వేరు. ఏడాదికోసారి పీట వేసి, మిగతా నెలల్లో మన ముఖం చూడని పత్రికలూ ఉన్నాయి. కథ పంపే ముందు పాత సంచికలు నాలుగైదు తిరగెయ్యి. మామూలు నెలల్లో మనలాంటివాళ్ల కథలు వస్తున్నాయా? పుస్తక సమీక్షలు ఎవరి చేత రాయిస్తున్నారు? మన బాధ మన చేత రాయించుకుని, దాని మీద అభిప్రాయం మాత్రం ఇంకొకరిని అడిగే చోట నాకు నమ్మకం తక్కువ.

పరిచయంలో కులం, పేట రాయాలా అన్నావు. నీకు రాయాలనిపిస్తే రాయి, వాళ్లు అడిగారని మాత్రం రాయకు. మీ అమ్మ మాటల్ని పుస్తక భాషలోకి మారిస్తే ఎందుకని సంపాదకుణ్ణి నిలదియ్యి. ఒత్తులు దిద్దితే మాత్రం కళ్లకద్దుకో. 1936లో మన ఊళ్లు ఒడిశాలోకి వచ్చాయి, నువ్వు బడిలో ఒడియా చదివి ఇంట్లో తెలుగు నేర్చుకున్నావు, అన్నీ నిజమే. అయినా 'బాధ'కు ఒత్తు లేకపోతే చదివేవాడికి అవన్నీ ఎలా తెలుస్తాయి?

కథతో పాటు ఏడాది చందా కూడా కట్టు. తన కథ పడిన సంచిక తప్ప ఇంకేదీ కొనని రచయితలను చాలామందిని చూశాను; పత్రికలు మూతపడితే ముందుగా వాపోయేదీ వాళ్లే. పత్రిక మీ ఇంటికి వస్తే, నువ్వు చదవడం అయ్యాక పేటలో తెలుగు చదవగలిగినవాళ్లకు ఇవ్వు. తిరిగి రాకపోయినా ఫరవాలేదు.