గోడ కథ ముందు చెప్పు

తార్నాక, హైదరాబాద్

బిడ్డా,

చుట్టూ ఉన్న పరిస్థితిని బట్టి గోడ వదులయ్యే, బిగుసుకునే అతి చిన్న గుళికల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. విషయం నీకు బాగా పట్టుబడింది. కానీ శీర్షికే ‘ప్రతిస్పందనాత్మక బహ్వణుక సూక్ష్మగుళికలు’ అని పెట్టావు. పదో తరగతి చదివే మనవడికి చూపిస్తే వాడు అక్కడే ఆగిపోయాడు. పాలిమర్ అంటే చిన్న అణువులు గొలుసుగా కలిసిన పెద్ద అణువు, ఎంజైమ్ అంటే రసాయన చర్యను వేగం చేసే ప్రోటీన్; ఈ మాటలు వాడు బళ్లోనే వింటున్నాడు. గుళిక మన మాటే. ఈ మూడింటితో నీ కథంతా నడుస్తుంది.

లోపల ఆ గుళికను ‘బుల్లి కార్ఖానా’ అన్నావు. ఆ మాట వినగానే మన ఊళ్లో ఎవరికైనా చర్లపల్లి షెడ్లు, యంత్రాల మోత గుర్తొస్తాయి. ఇక్కడ విశేషమంతా గోడలో ఉంది. అది ఎలా కడతారో ముందు చెప్పు. కొన్ని మైక్రోమీటర్ల కాల్షియం కార్బొనేట్ రేణువు తీసుకుని, దాని రంధ్రాల్లో ఎంజైమ్ నింపుతారు. పైన ధనావేశం ఉన్న పాలిమర్ ఒక పొర, రుణావేశం ఉన్నది ఒక పొర, మార్చి మార్చి వేస్తారు. చివర్లో ఈడీటీఏ అనే, కాల్షియంను పట్టి లాగేసే రసాయనంతో ఆ రేణువును కరిగించేస్తే పల్చటి గోడ, దాని లోపల ఎంజైమ్ మిగులుతాయి. ఇలా పొరలు వేసి, లోపలి అచ్చును కరిగించి బోలు గుళికలు చేసే పద్ధతిని 1998లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు ప్రకటించారు.

పోలిక కావాలా? ఈసారి ఫలూదా తాగేటప్పుడు సబ్జా గింజను చూడు. నల్లటి గింజ నీళ్లలో పడిన కాసేపటికి చుట్టూ పారదర్శకమైన జిగురు ఉబ్బుతుంది. అదీ పాలిమరే, మొక్క తయారుచేసుకున్నది. అయితే పోలిక ఎక్కడ తెగుతుందో కూడా నువ్వే చెప్పాలి. సబ్జా గ్లాసులో ఉన్నంతసేపూ ఉబ్బే ఉంటుంది. మన గుళికల్లో కొన్నిటి గోడ ఆమ్లం తగిలితే వదులవుతుంది, ఆమ్లం తగ్గితే మళ్లీ బిగుసుకుంటుంది. పీనైపామ్ అనే పాలిమర్ వాడితే 32 డిగ్రీల సెల్సియస్ దాటాక ముడుచుకుంటుంది.

ఇప్పుడు లోపలికి వెళ్లు. గ్లూకోజ్ చిన్నది, గోడ దాటుతుంది. లోపల నింపిన ఎంజైమ్ గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనుకో, అది పెద్దది, బయటికి పోలేదు. అది ఆక్సిజన్ సాయంతో గ్లూకోజ్‌ను గ్లూకోనిక్ ఆమ్లం వైపు మారుస్తుంది, పక్కనే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. ఆ ఆమ్లమే గోడను వదులు చేసేలా గుళికను తయారుచేయవచ్చు. లోపలివాడు చేసిన పనికి తలుపు తెరుచుకుంటోంది! దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నేనైతే ఇక్కడ ఒక పేజీ ఆగుతాను.

నా మొదటి వ్యాసంలో ‘ఎంజైమ్ ఖర్చయిపోతుంది’ అని రాశాను. రిటైరైన కెమిస్ట్రీ మాస్టారొకరు పోస్టుకార్డు రాశారు: ‘ఖర్చయ్యేది గ్లూకోజ్, అమ్మా.’ నాలుగు రోజులు అన్నం సహించలేదు. అప్పటినుంచి ప్రతి క్రియాపదాన్నీ విడిగా సరిచూసుకుంటున్నాను. నువ్వు ‘ఎంజైమ్ ఎప్పటికీ పనిచేస్తుంది’ అన్నావు, అదీ తప్పే. ఆ పెరాక్సైడే మెల్లగా దాన్ని దెబ్బతీస్తుంది. అందుకే కొందరు కాటలేజ్ అనే మరో ఎంజైమ్ కూడా చేర్చి, పెరాక్సైడ్‌ను నీరు, ఆక్సిజన్‌గా విడగొట్టిస్తారు.

గ్లూకోజ్ పెరిగితే గోడ తెరిచి ఇన్సులిన్ వదిలే గుళిక వస్తుందన్న ఆశతో ‘షుగర్‌కి ఇక సూది అక్కర్లేదు’ అని రాసిన చివరి వాక్యం కొట్టెయ్. మా చెల్లెలు రోజూ ఇన్సులిన్ పొడుచుకుంటుంది. అది చదివితే రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి ఆశగా వెళ్తుంది.

గోడను మొదటి పేరాలోకి తెచ్చి తిరగరాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

నీ పెద్దమ్మ