ముప్పుల అంచనా ఎవరి కోసం?

ప్రశ్న: అనంతపురం జిల్లాలో చెరువుల పూడికతీత చేపడుతున్న చిన్న స్వచ్ఛంద సంస్థ మాది. ప్రాజెక్టుకు ఎదురుకాగల ముప్పులను ముందే అంచనా వేసి రాసివ్వమని దాతలు అడుగుతున్నారు. దీనివల్ల పనికి నిజంగా మేలు జరుగుతుందా?

జవాబు: తప్పకుండా జరుగుతుంది, అయితే ఆ పత్రాన్ని మీరు నెలనెలా సమీక్షలో తిరగేస్తేనే. చెరువు ఎండి ఉండే వేసవి నెలలే పూడికతీతకు అదను. నిధులు ఏప్రిల్‌కు బదులు జూన్‌లో అందితే, తొలకరి పడి, ఆ ఏడాది పనే చేజారవచ్చు. అందువల్ల 'నిధుల ఆలస్యం' అని రాసి ఊరుకోకుండా, ఏ తేదీ దాటితే ఏ చెరువును వదులుకోవాలో, ఆ నిర్ణయం ఎవరు తీసుకోవాలో కూడా రాసుకోండి. విదేశీ విరాళాలు తీసుకుంటుంటే చట్టపరమైన ముప్పును అన్నింటికన్నా పైన పెట్టమంటాను: విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది, ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడాన్నీ నిషేధించింది. పర్యవేక్షకుల జీతాలు ఏ పద్దు కిందికి వస్తాయో ఆడిటర్‌ను ముందే అడగండి. పనితీరును ఎన్ని ట్రాక్టర్ల మట్టి తీశామన్న లెక్కతో సరిపెట్టకుండా, చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టంతో కొలవండి. వాన తక్కువైన ఏడాది ఆ మట్టం పెరగకపోతే కారణం తెలిసేలా వర్షపాతం వివరాలనూ పక్కనే నమోదు చేయండి.