కంట్రోల్ తొట్టెలోనే చేపలు చనిపోతుంటే

మందు చేపలకు ఎంత విషమో చూసే మీ టెస్ట్‌లో, పోలిక కోసం మందు కలపకుండా పెట్టిన కంట్రోల్ తొట్టెలోనే 10 శీలావతి చేపపిల్లల్లో 3 చనిపోయాయన్నారు కదండీ, ఇక ఆ టెస్ట్ లెక్కలోకి రాదు. ఓఈసీడీ 203 (చేపల మీద విషప్రభావం చూసే అంతర్జాతీయ టెస్ట్ పద్ధతి) ప్రకారం 96 గంటల్లో కంట్రోల్‌లో 10 శాతానికి మించి చావకూడదు. ఆ అంకెలతో ఎల్‌సీ50 (సగం చేపల్ని చంపే మందు గాఢత) కట్టకండి, మళ్లీ మొదలుపెట్టండి.

నా అనుమానం నీటి మీదే. కుళాయి నీళ్లు నేరుగా పట్టానన్నారు. చేపల్ని చంపడానికి అందులోని క్లోరిన్ చాలు. ఒకట్రెండు రోజులు ఏరేటర్ ఆడించి, క్లోరిన్ పోయిందని కిట్‌తో చూశాకే వాడండి. రాత్రి కరెంటు పోయిందేమో కూడా కనుక్కోండి, కరిగిన ఆక్సిజన్ 60 శాతం సంతృప్తత (నీళ్లు పట్టుకోగల గరిష్ఠంలో 60 శాతం) కంటే తగ్గకూడదు. చేపలు తెచ్చాక 48 గంటలు సర్దుకోనివ్వండి. ఆ తర్వాత 7 రోజుల్లో 10 శాతం పైగా చస్తే మొత్తం బ్యాచ్‌నే వదిలేయాలి.

అన్నట్టు, మందును అసిటోన్‌లో కరిగించారా? అయితే అసిటోన్ ఒక్కటే కలిపిన ఇంకో కంట్రోల్ కూడా పెట్టండి.