రెండూ 7.62 అయినా తూటా ఒకటి కాదు

ఏకే-203, సిగ్ 716 రైఫిళ్లు రెండూ 7.62 కదా, భారత సైన్యం ఒకే తూటా వాడొచ్చుగా అని కొందరు అన్నారు. కుదరదు. 7.62 అన్నది బుల్లెట్ (తూటా ముందుండి ఎగిరే ముక్క) వ్యాసం పేరు మాత్రమే, మిల్లీమీటర్లలో. చూడాల్సింది దాని పక్కనున్న అంకె, అంటే కేసు (తూటాలో మందు ఉండే లోహపు గొట్టం) పొడవు మిల్లీమీటర్లలో. ఏకేది 7.62×39, సిగ్‌ది 7.62×51. పొడవాటిది ఏకే మ్యాగజైన్‌లోనే (తూటాలు నింపే పెట్టె) పట్టదు. పైగా ఆ వ్యాసం కూడా అచ్చంగా ఒకటి కాదు: 39 రకం బుల్లెట్ సుమారు 7.9 మి.మీ., 51 రకానిది 7.8.

శక్తిలో తేడా ఇంకా పెద్దది. 39 రకం బుల్లెట్ 8 గ్రాములు, వేగం సెకనుకు దాదాపు 715 మీటర్లు, అంటే 2,000 జౌళ్లు. 51 రకం 9.5 గ్రాములు, 850 మీటర్లు, 3,400 జౌళ్లు. అందుకే సిగ్ దూరపు గురికి నయం. కానీ రీకాయిల్ (పేల్చినప్పుడు వెనక్కి తన్నడం) ఎక్కువ, తూటా బరువైనది, మ్యాగజైన్‌లో సాధారణంగా 20 మాత్రమే, ఏకేలో 30.

సైన్యం వాడే మరో రైఫిల్ ఇన్సాస్‌ది 5.56×45. బుల్లెట్ 4 గ్రాములే అయినా వేగం 900 మీటర్లు దాటుతుంది కాబట్టి 300 మీటర్ల దాకా దాని పథం ఏకే కన్నా చదునుగా ఉంటుంది. చిన్న తూటా కాబట్టి బలహీనమనడం తొందరపాటే. పోల్చేటప్పుడు బ్యారెల్ (తుపాకీ గొట్టం) పొడవు కూడా రాయండి; అది తగ్గితే వేగమూ తగ్గుతుంది.