అనుభవం లేదా? డెమో క్లాసు మీద దృష్టి పెట్టండి

టీచర్ ట్రైనింగ్ పూర్తయింది, దగ్గర్లో ఏ స్కూల్‌కి వెళ్లినా అనుభవం ఉందా అంటున్నారు, మరి మొదటి ఉద్యోగం ఎలా దొరుకుతుంది అని మీరు అడిగారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇప్పుడు మా స్కూల్‌కి వచ్చే కొత్తవాళ్ల డెమోలు, అంటే ఉద్యోగం ఇచ్చే ముందు వాళ్లతో చెప్పించి చూసే క్లాసులు, చూస్తుంటాను కాబట్టి, రెండు వైపులా తెలిసిన సంగతులు చెబుతాను.

అనుభవం ఉందా అని అడగడం వెనక అసలు అనుమానం ఒకటే: ఈ మనిషి క్లాసును నిలబెట్టగలరా? అది రెజ్యూమెతో తీరేది కాదు, డెమోలోనే తీరాలి. చాలామంది తమకు ఎంత తెలుసో చూపించాలని చాప్టర్ మొత్తం గడగడా చెప్పేస్తారు. వెనక కూర్చున్న మేం మాత్రం పిల్లల ముఖాలే చూస్తుంటాం. ఇచ్చే కాసేపట్లో ఒక్క చిన్న విషయం పిల్లలకు అర్థమైతే చాలు.

నా డెమో ఐదో తరగతికి, భిన్నాలు. బోర్డు మీద 1/4, 1/8 రాసి ఏది పెద్దదని అడిగాను. చాలామంది 1/8 అన్నారు, నాలుగు కంటే ఎనిమిది పెద్దది కదా! తప్పు అనలేదు. ఒకే సైజు కాగితాలు రెండేసి ఇచ్చి, ఒకదాన్ని రెండుసార్లు, ఇంకోదాన్ని మూడుసార్లు సగానికి మడవమన్నాను. విప్పి చూసుకున్నాక వెనక బెంచీలోని అమ్మాయి, "భాగాలు ఎక్కువైతే ఒక్కో భాగం చిన్నదైపోతోంది టీచర్" అంది. నేను చెప్పాల్సిన మాట ఆ పాపే చెప్పింది. తర్వాత హెడ్‌మాస్టర్‌గారు నన్ను అడిగింది కూడా ఆ కాగితాల గురించే. ఉద్యోగం దాంతోనే వచ్చిందని నా నమ్మకం.

ఇక వెతకడం గురించి. ప్రకటన కోసం ఎదురుచూడకండి, నేరుగా వెళ్లి హెడ్‌మాస్టర్‌ని కలవండి. ఉదయం ప్రార్థన వేళ మాత్రం వద్దు, అప్పుడు ఎవరికీ తీరిక ఉండదు. విద్యాసంవత్సరం మధ్యలో కూడా ఖాళీలు వస్తాయి. ఎవరో ప్రసూతి సెలవు పెడతారు, ఎవరో మానేస్తారు. అలా కొన్ని నెలల కోసమే పిలిచినా వెళ్లండి. స్కూళ్లు అడుగుతున్న అనుభవం అక్కడే మొదలవుతుంది, పైగా మీ పని చూసినవాళ్లే తర్వాత నలుగురికి చెబుతారు.

చేరే ముందు రోజుకు ఎన్ని పీరియడ్లు, మీది కాని సబ్జెక్టు కూడా చెప్పాలా, సెలవుల్లో జీతం ఇస్తారా అని మొహమాటపడకుండా అడగండి. ఒక స్కూల్లో నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంచాలన్నారు. నేను ఒప్పుకోలేదు, మీరూ ఒప్పుకోవద్దు. ఒరిజినల్స్ చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, అంతే.