నెపెంథిస్ రాజా కూజాలు ఎందుకు వేయడం లేదు?

ప్రశ్న: మా నెపెంథిస్ రాజాకు (పురుగుల్ని కూజాలో పట్టి తినే మొక్క) ఆకులు వస్తున్నాయి గానీ వాటి కొసన కూజాలు మొగ్గ దశలోనే ఎండిపోతున్నాయి. ఎరువు వేయాలా?

జవాబు: వద్దు. ముందు మొక్క పక్కన థర్మామీటరు పెట్టి రాత్రి ఎంత ఉంటోందో చూడండి. మలేసియాలోని సబా రాష్ట్రంలో, కినబాలు, తంబుయుకోన్ కొండల మీద, సుమారు 1,500 నుంచి 2,650 మీటర్ల ఎత్తున మాత్రమే పుట్టే మొక్క ఇది. పగలు 25 డిగ్రీలు దాటకూడదు, రాత్రి 10–15కు దిగాలి. రాత్రి కూడా వెచ్చగా ఉంటే, పగలు ఆకు తయారు చేసుకున్న చక్కెరలో చాలా భాగం శ్వాసక్రియకే ఖర్చయిపోతుంది, కూజా కట్టడానికి చాలదు. కొన్ని రాత్రులైతే తట్టుకుంటుంది. నెలల తరబడి అయితే ఆకులు చిన్నబోతాయి, చివరికి వేర్లు కుళ్లుతాయి. ఫ్యాన్ గాలిని కదిలిస్తుందే తప్ప చల్లదనం తేదు. చల్లబరిచే ఏర్పాటున్న గాజు పెట్టె కావాలి. అది కుదరనివాళ్లు పల్లపు ప్రాంతాల నెపెంథిస్ జాతులు పెంచుకోవడమే మేలు.

చలి సరిపోయినా కూజాలు రాకుంటే గాలిలో తేమ 70 శాతానికి తగ్గుతోందేమో, వెలుతురు చాలడం లేదేమో చూడండి. కుండీలో మట్టి వద్దు. స్పాగ్నమ్ నాచు, పెర్లైట్ (గుల్లగా ఉండే తేలికైన తెల్లటి రాతి గుళికలు) సమపాళ్లలో కలపండి. వాన నీళ్లో ఆర్వో నీళ్లో పోయండి, కరిగిన లవణాలు 50 పీపీఎం (పది లక్షల వంతుల్లో 50) లోపుండాలి. పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి. కుండీ మార్చేటప్పుడు వేర్ల చుట్టూ ఉన్న నాచు దులపకండి, ముద్దతో సహా దింపండి.

ప్రశ్న: అడవిలోంచి తెచ్చిన పెద్ద మొక్క అమ్ముతామంటున్నారు. ఒక్కటే కదా, కొనొచ్చా?

జవాబు: దయచేసి కొనకండి. ఇందులో ఆడ, మగ మొక్కలు వేరు. ఏళ్లు గడిస్తేగానీ పూతకు రావు. ఆడ మొక్క పూసినప్పుడే దగ్గర్లో మగ మొక్క కూడా పూయాలి. ఎదిగిన ఆడ మొక్కను ఒక్కదాన్ని పీకితే, అది ఇకపై ఇవ్వాల్సిన విత్తనాలన్నీ పోయినట్టే. పైగా వేర్లు తెగిన పెద్ద మొక్క కుండీలో కుదురుకోవడం అరుదు. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై దేశాల మధ్య కుదిరిన సైటీస్ ఒప్పందంలో ఇది మొదటి అనుబంధంలో ఉంది, అంటే అడవి మొక్కల అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం.

కొండమీద ట్రీ ష్రూ అనే ఉడత లాంటి జంతువు కూజా అంచున కూర్చుని మూత కింది తేనె నాకుతుంది. అది కూజాలో వేసే పెంట మొక్కకు నత్రజనిని అందిస్తుంది. మొక్కను పీకితే ఆ జంతువు తిండీ పోతుంది.

టిష్యూ కల్చర్ (ప్రయోగశాలలో పెంచిన) మొక్కే అడగండి. అవి చిన్నగా, ఒకే ఈడువిగా ఉంటాయి. ఆకులు పాతబడి, చిరిగి, వేర్లు తెగి ఉంటే అడవిదేనని అనుమానించండి. విదేశం నుంచి తెప్పిస్తుంటే సైటీస్ పత్రం చూశాకే డబ్బు చెల్లించండి.