వెన్నులో మార్ఫిన్ ఇస్తమన్నరు, పాలు తాగే బిడ్డకు ఏమైతది?

ప్రశ్న: డాక్టరమ్మా, మా చెల్లెకు వచ్చే నెల రెండో సిజేరియన్. మొదటిసారి మత్తు దిగినంక రాత్రంతా ఏడ్చింది. ఈసారి వెన్నుల మత్తుతోపాటే మార్ఫిన్ కలుపుతమన్నరు. చెల్లె వాళ్ల అత్తమ్మ “అది నల్లమందే గదా, వద్దు” అంటున్నది. ఏం చేయాలె?
– ఒక అక్క, దేవరకొండ

జవాబు: అత్తమ్మ మాట కొట్టిపారేయను. మార్ఫిన్ నల్లమందు నుంచి తీసేదే. కానీ వెన్నులో ఇచ్చేది 100 నుంచి 150 మైక్రోగ్రాములే, మిల్లీగ్రాములో పదో వంతు, ఇంకొంచెం. నరానికి ఇచ్చే డోసు మిల్లీగ్రాముల లెక్క. ఇంత తక్కువలో పాలలోకి చేరేది చాలా స్వల్పం. బిడ్డకు నిశ్చింతగా పాలు పట్టించండి.

మామూలు వెన్ను మత్తు రెండు మూడు గంటల్లో దిగిపోతుంది, పోయినసారి ఏడుపు అప్పుడే మొదలై ఉంటుంది. మార్ఫిన్ కొవ్వులో తొందరగా కరగదు కాబట్టి వెన్నునీటిలో నిలిచి 12 నుంచి 24 గంటలు పనిచేస్తుంది. ఇలాంటిదే ఇంకో నొప్పి మందు ఫెంటనిల్ అయితే కొద్ది గంటలే. మార్ఫిన్‌తో కాళ్లు పడిపోవు, పిల్లను ఎత్తుకోవచ్చు. అయినా పారాసెటమాల్, డైక్లోఫెనాక్ వేళకు పడాల్సిందే. “నొప్పి లేస్తే పిలువు” అనే పద్ధతి నాకు నచ్చదు. మన ఆడవాళ్లు పిలవరు, పళ్లు బిగబట్టి పడుకుంటారు.

దురద పుడుతుంది, ఎక్కువగా ముక్కు దగ్గర, ముఖం మీద. మందు పడలేదని భయపడకండి. అలర్జీకి వేసే అవిల్ ఇస్తే నిద్ర వస్తుంది తప్ప ఆ దురద పెద్దగా తగ్గదు. వాంతులకు ఆన్‌డాన్‌సెట్రాన్ ఉంది.

నేను జాగ్రత్త పడేది శ్వాస విషయంలో. అరుదే, కానీ గంటల తర్వాత, అర్ధరాత్రి కూడా ఊపిరి నెమ్మదించొచ్చు. ఆ 24 గంటలు నర్సు మాటిమాటికీ వచ్చి శ్వాస లెక్కపెట్టాలి, విరుగుడు నాలోక్సోన్ వార్డులోనే ఉండాలి. చెల్లె బాగా లావుగా ఉన్నా, గట్టిగా గురక పెట్టినా మత్తు డాక్టర్‌కు ముందే చెప్పండి. నిద్ర సూదులు విడిగా వేయించకండి. పిలిస్తే పలకకపోతే నర్సు కోసం పరుగెత్తాల్సిందే.

2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి నిబంధనలు సులువు చేశారు గానీ, ఇప్పటికీ ప్రతి నర్సింగ్‌హోంలో మార్ఫిన్ ఉండదు. ఉండి, రాత్రి చూసే మనిషి లేకపోతే నేనైతే వేయను. అప్పుడు పొట్ట పక్కలకు ఇచ్చే మత్తు సూది, ట్యాప్ బ్లాక్, గురించి అడగండి.